మూడో బస్సు

గడియారం సంచి నేనే సర్దాను. గడియారాలు బాగుచేస్తాడు కాబట్టి అతనికా పేరు. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు. ఇక కూతురి దగ్గరే ఉండడానికి వేరే ఊరు వెళ్తున్నాడు. చొక్కాలు, మందులు, భూతద్దం పెట్టి, అడుగున నా గొడుగు దోపాను. ఊరెళ్ళేవాళ్ళ సంచిలో నాదేదో ఒకటి పెట్టడం నా అలవాటు. తిరిగివ్వడానికైనా వస్తారని ఆశ.

"ఎండాకాలంలో గొడుగెందుకు పిన్నీ?"

"ఎరువిస్తున్నా. మళ్ళీ తెచ్చివ్వు."

మా అబ్బాయి దర్జీ. ఇద్దరివీ పక్కపక్క కొట్లు. ఇద్దరికీ యాభై దాటింది. కొట్లు కట్టేశాక మా వాడు అతన్ని ఇంటిదాకా దిగబెడతాడు. పాపం ఒక్కడే ఎలా వెళ్తాడని అతను వీణ్ణి మళ్ళీ మా గుమ్మందాకా దిగబెడతాడు. ఎవరు ఎవర్ని దిగబెట్టారో తేలేసరికి నేను వండింది చల్లారిపోయేది.

గడియారం బావమరిది పెళ్ళి వీడియోలు తీస్తాడు. వీళ్ళిద్దర్నీ పెట్టి సొంతంగా ఒక నవ్వుల సినిమా తీశాడు. చివరి ముక్క మిగిలింది. ఒక స్నేహితుడు బస్సెక్కి వెళ్ళిపోతాడు, రెండోవాడు కదలకుండా నిలబడాలి. ఎలాగూ గడియారం వెళ్తున్నాడు, ఆ బస్సుతోనే పని కానిచ్చేద్దామన్నాడు. గుంజను పాతినా ఆ వేషం వేస్తుందని గడియారం మా వాణ్ణి వేళాకోళం చేశాడు.

బస్సు కదిలింది. మా వాడు సంచి అందించే వంకతో ఎక్కేశాడు. ఇద్దరూ తర్వాతి స్టాపులో దిగి నవ్వుకుంటూ నడిచొచ్చారు. బావమరిది తల పట్టుకున్నాడు. రెండో బస్సుకి మా వాడి చొక్కా వెనకనుంచి నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చొక్కా చేయి ఊడి నా చేతికొచ్చింది, వాడు బస్సులోకి వెళ్ళాడు. దర్జీ తన చొక్కాకి కుట్లు గట్టిగా వేసుకోడని అప్పుడే తెలిసింది.

వాళ్ళు మళ్ళీ నడిచొచ్చేసరికి కెమెరా బ్యాటరీ అయిపోయింది. మూడో బస్సు వచ్చింది. గడియారం మెట్టెక్కి చేయి అడ్డం పెట్టాడు.

"ఇక చాల్లేరా. నువ్వొస్తే నిన్ను దిగబెట్టడానికి మళ్ళీ నేను రావాలి."

"రా. ఎవరొద్దన్నారు?"

గడియారం లోపలికెళ్ళి కూర్చున్నాడు. బస్సు కదిలింది. మా వాడు ఒంటిచేతి చొక్కాతో కదలకుండా నిలబడ్డాడు, అచ్చం బావమరిది అడిగినట్టే.

సినిమా చివర ఇద్దరూ బస్సులో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. చూసినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గొడుగు అతని అల్లుడు తెచ్చిచ్చాడు. గడియారం తిరిగి రాలేదు. సినిమా వేయడానికి ముందు నెలలో, కూతురింట్లో పోయాడు.