గిరిప్రసాద్ బారుకు మెత్తలు

బంగారుపాళ్యంలో హైవే నుంచి మామిడి తోటల వైపు తిరిగే రోడ్డు మీద గిరిప్రసాద్ కొత్త ఇల్లు ఉంది. రెండంతస్తుల ఇల్లు. హాల్లో ఒక మూల నల్ల గ్రానైటు గట్టు, దాని వెనక అద్దాల అరలు, అరల్లో నీలం లైట్లు, గట్టు ముందు ఎత్తయిన నాలుగు స్టూళ్లు, గోడ వెంబడి సిమెంటుతో కట్టిన పొడుగాటి అరుగు. ఈ మూలను గిరిప్రసాద్ ‘బారు’ అంటాడు. అతని తల్లి రాఘవమ్మ ‘ఆ బ్యాంకు’ అంటుంది.

చదివేవాళ్లు తొందరపడి గిరిప్రసాద్‌ను తాగుబోతు అనుకోవద్దు. అతనికి గ్యాసు. రెండు గుక్కలు గొంతు దిగితే చాలు, ఛాతీలో మంట మొదలై, మాత్ర వేసుకుని పక్కకు తిరిగి పడుకుంటాడు. అయినా బారు కట్టించాడు. ఎందుకంటే బెంగుళూరులో ఒక వ్యాపారి ఇంట్లో అలాంటి మూల చూశాడు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీ నడిపేవాడికి అలాంటిది లేకపోతే పెద్దరికం రాదని ఆ రోజే నిర్ణయించుకున్నాడు. తనకు పడనిదాన్ని వచ్చేవాళ్లు చూస్తారని కట్టించుకునేవాళ్లు మన చుట్టూ తక్కువేమీ లేరు. గిరిప్రసాద్ వాళ్లలో మంచివాడనే చెప్పాలి.

బారు పూర్తయిన వారానికి అతని స్నేహితుడు మునిశేఖర్ వచ్చి స్టూలెక్కి కూర్చున్నాడు. రెండు మాటలు మాట్లాడి, చెవిలో వేలు పెట్టుకుని కదిపాడు.

“ఏమప్పా ఇది? మాట గోడకు కొట్టుకుని తిరిగొస్తా ఉండాది. అంతా రాయి, అద్దం. రేషన్ షాపులో కార్డు పట్టుకుని నిలబడినట్టు ఉండాది నాకు. ఈ స్టూలు మీద పది నిమిషాలు కూసుంటే ఎముకలు లెక్కబెట్టుకోవచ్చు.”

ఆ మాట గిరిప్రసాద్‌కు ముల్లులా గుచ్చుకుంది. పైగా వచ్చే ఆదివారం సాయంత్రం ఏడుకు చెన్నై నుంచి చెంగల్రాయుడు వస్తున్నాడు. పల్ప్‌ను విదేశాలకు పంపే పెద్దమనిషి. ఈ సీజనుకు ఆయన సరుకు తీసుకుంటేనే ఫ్యాక్టరీ రెండు షిఫ్టులు నడుస్తుంది. లేకపోతే ఒక్క షిఫ్టుకు కూడా దిక్కులేదు. అలాంటి మనిషిని రేషన్ షాపులో ఎలా కూర్చోబెట్టడం?

“రేవతీ, బారుకు మెత్తలు, కర్టెన్లు, కార్పెట్టు, అన్నీ నువ్వే ఏరాల” అన్నాడు భార్యతో. “రాజుల కోటలో ఉన్నట్టు ఉండాల. బంగారు రంగు వెల్వెట్ వేయించు.”

రేవతికి ఆ మూల అంటేనే ఒళ్లు మంట. రోజూ ఆ అద్దాల అరలు తుడిచేది తనే. కానీ ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంటికి ఏది కావాలో ఏరుకొమ్మని అతను అనడం అదే మొదటిసారి. సరేనంది.

చిత్తూరు నుంచి కృపామణి స్కూటీ మీద వచ్చింది. సోఫాలకు గుడ్డ వేయడం, కర్టెన్లు కుట్టడం ఆమె పని. నలభై దాటిన మనిషి, మెడలో టేపు, భుజాన గుడ్డల నమూనాల సంచి. బారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక చప్పట కొట్టి, ఆ చప్పుడు తిరిగి రావడం విన్నది.

“కిటికీకి లైనింగు వేసిన మందం కర్టెన్ పడాలమ్మా. నేల మీద కార్పెట్టు, గోడకు ఆనుకునే మెత్తలు. అప్పుడు ఈ చప్పుడంతా గుడ్డ మింగేస్తాది.”

“ఆయన బంగారు రంగు వెల్వెట్ అడిగినారు.”

“బంగారు రంగు మీద ఒక్క చుక్క పడిందంటే అది జన్మకు పోదు. తాగేవాళ్ల చేయి నిలకడగా ఉంటాదా? ముదురు రంగు వేసుకో. జిప్పు పెడతా, విప్పి ఉతుక్కోవచ్చు. కార్పెట్టుకు పొట్టి నూలు పెట్టాల. పొడుగు నూలైతే స్టూలు కాళ్లు చిక్కుకుంటాయి, పైగా వాసన పట్టుకుంటాది.” ఇలా చెబుతూనే కృపామణి టేపు విప్పి అరుగు ఎత్తు కొలిచింది. “ఈ అరుగు మీద ఎవురు కూసుంటారు?”

“ఆయన, ఆయన స్నేహితులు.”

“మరి నువ్వు?”

“నేనా?” రేవతి నవ్వింది. “నేనేమిటికి కూసుంటాను ఈడ?”

“ఈడ కాదులే. ఇంట్లో యాడ కూసుంటావు? ఆ కొలత కూడా తీసుకుని పోతా. గుడ్డ మిగిలితే నీకూ ఒక మెత్త కుట్టిస్తా.”

రేవతి చుట్టూ చూసింది. వంటింట్లో కుర్చీ లేదు. సోఫా మీద ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతుంది గాని, కూర్చోదు. ఎవరైనా వస్తే లేవాలి కదా, కూర్చోవడం ఎందుకని. భోజనం గట్టుకు ఆనుకుని నిలబడి ముగిస్తుంది. పది గదుల ఇంట్లో తాను కూర్చునే చోటు ఏదని మనసులో వెతుక్కుంటూ పోతే, చివరకు మంచం తప్ప ఏమీ దొరకలేదు.

“తర్వాత చెప్తాలే” అంది.

కృపామణి టేపు మెడలో వేసుకుంది. సంచిలోంచి స్పాంజి ముక్కలు తీసి అరుగు మీద పరిచి, పైన గుడ్డ కప్పింది. “ఒక పది నిమిషాలు కూసో. అంగట్లో ఒక నిమిషం కూసుంటే అన్నీ బాగుంటాయి. పది నిమిషాలైతేనే స్పాంజి గుణం తెలిసేది.”

రేవతి కూర్చుంది. వీపు వెనక కృపామణి ఒక దిండు దోపింది. ఫ్యాను తిరుగుతోంది. నాలుగో నిమిషంలో రేవతి తల సీసాల అర వైపు ఒరిగింది. అయిదో నిమిషంలో సన్నగా గురక వినిపించింది.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి రాఘవమ్మ వచ్చింది. పగలు పదకొండు గంటలకు కోడలు బారులో, సీసాల పక్కన, నోరు తెరుచుకుని పడి ఉండటం చూసి గుండె పట్టుకుంది.

“ఓరి దేవుడా! మ్మేయ్ రేవతీ! పొద్దన్నే తాగేసినావా?”

“తాగలేదు పెద్దమ్మా” అంది కృపామణి. “కూసునింది.”

“కూసుంటే ఇట్ల అవతాదా మనిషి?”

“నువ్వూ కూసోని సూడు.”

రాఘవమ్మకు డెబ్బై మూడేళ్లు, రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. నమ్మకం లేకుండానే అరుగు మీద కూర్చుంది. కృపామణి ఆమె పాదాల కింద ఇంకో స్పాంజి ముక్క పెట్టింది. రాఘవమ్మ మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో అది పెద్ద వింత. చాలాసేపటికి, “మ్మేయ్, ఈ స్పాంజి ఎంత మందం?” అని అడిగింది.

రేవతి మేలుకున్నాక ఇద్దరి మోకాళ్ల కొలతా తీసుకోవడానికి కృపామణి నేల మీద చతికిలబడింది. అది చూసి రాఘవమ్మ గదమాయించింది. “నువ్వేమిటికి కింద కూసున్నావు? పైకి రా. కుట్టేదానివి నువ్వు.”

కృపామణి కాసేపు సందేహించింది. పదేళ్లుగా ఆమె ఎన్నో ఇళ్లకు సోఫాలు కుట్టింది. వాటి మీద కూర్చోమన్నవాళ్లు లేరు. అలవాటు లేని మనిషిలా అంచున కూర్చుని, మెల్లగా వెనక్కి జరిగింది. ముగ్గురూ కలిసి నమూనాలు తిరగేశారు. రంగు గిరిప్రసాద్ చెప్పింది కాదు, ముదురు వక్కపొడి రంగు. ఎత్తు గిరిప్రసాద్ కాళ్లకు కాదు, రాఘవమ్మ కాళ్లకు. పాదాలు పెట్టుకునే ఒక చిన్న పీట కూడా చేరింది. అదేమిటని గిరిప్రసాద్ అడిగితే, బెంగుళూరులో ఇప్పుడిదే పద్ధతి అంది రేవతి. అతను సరేనని తలూపాడు.

శుక్రవారానికి మెత్తలు వచ్చాయి. మూల మారిపోయింది. మాట గోడకు కొట్టుకోవడం లేదు, కర్టెన్ గుండా వెలుతురు చల్లగా దిగుతోంది. రెండో రోజు మధ్యాహ్నానికే అత్తాకోడళ్లు పని అంతా అక్కడికి మార్చేశారు. వానలు పడేలోపు విత్తనానికి ఉంచిన చెనక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలవాలి. ఏటా వెనక వరండాలో ఒంటి కాలు ముడుచుకుని ఒలిచేవాళ్లు. ఈసారి బారులో ఒలిచారు.

ఆదివారం గిరిప్రసాద్ చెంగల్రాయుడికి మధ్యాహ్నం ఫ్యాక్టరీ చూపించాడు. అనుకున్నదానికంటే పని ముందుగా ముగిసింది. ఏడుకు రావాల్సిన వాళ్లు నాలుగుకే వచ్చారు. చెంగల్రాయుడు, ఆయన మేనేజర్లు ఇద్దరు, వెనక మునిశేఖర్. ఇంటికి ఫోను చేయాలన్న సంగతి గిరిప్రసాద్ మరిచిపోయాడు.

“రాండి సార్, మా బారు సూడండి” అంటూ హాలు తలుపు తీశాడు.

అరుగు మధ్యలో రాఘవమ్మ పీట మీద కాళ్లు చాపుకుని ఉంది. ఒడి నిండా చెనక్కాయలు. పక్కన రేవతి చాటతో చెరుగుతోంది. అటు చివర కృపామణి కర్టెన్ అంచు కుడుతోంది. కార్పెట్టు కనబడకుండా పొట్టు. గ్రానైటు గట్టు మీద, ఐసు ముక్కలు వేసే వెండి రంగు బకెట్ నిండా విత్తనాలు. విస్కీ గ్లాసును రాఘవమ్మ కొలపాత్రగా వాడుతోంది.

గిరిప్రసాద్ మొహం పాలిపోయింది. “అమ్మా! లేయండి, లేయండి! లోపలికి పొండి!”

కృపామణి అప్పటికే లేచి నిలబడింది. రేవతి సగం లేచింది. రాఘవమ్మ చేయి చాచి కోడలి కొంగు పట్టుకుంది.

“కూసో. మ్మేయ్ కృపామణీ, నువ్వూ కూసో.” తర్వాత కొడుకు వైపు చూసింది. “నేను లేయను రా గిరీ.”

“అమ్మా, పెద్దోళ్లు వచ్చినారు...”

“వస్తే రానీ. మా మామ వస్తే లేసినాను. మీ నాయన వస్తే లేసినాను. పాలవాడొచ్చినా, తోట కాపలావాడొచ్చినా మొగోడు కదా అని లేసినాను. యాభై ఏళ్లు లేస్తానే ఉండాను. ఇప్పుడు నా మోకాళ్లు లేయలేమంటా ఉండాయి. నీకు అంత కష్టంగా ఉంటే మోకాళ్లతో మాట్లాడుకో.”

 ఫ్యాక్టరీ రెండో షిఫ్టు తన కళ్ల ముందే పోతున్నట్టు గిరిప్రసాద్‌కు అనిపించింది.

చెంగల్రాయుడు చెప్పులు వదిలి, పొట్టు మీద జాగ్రత్తగా నడిచి, ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “నాకు సుగరు, గిరిప్రసాద్. తాగి పన్నెండేళ్లయింది. అమ్మా, ఆ చాట ఇట్ల ఇవ్వండి. మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. చెనక్కాయ ఒలిచి ఎన్నాళ్లయిందో.”

“ఒలువు గాని, తినొద్దు నాయనా. విత్తనాలు” అంది రాఘవమ్మ.

ఆ తర్వాత జరిగింది గిరిప్రసాద్ ఊహించిన పార్టీ కాదు. నాలుగు స్టూళ్ల మీద అతిథులు నలుగురు, అరుగు మీద ఆడవాళ్లు ముగ్గురు. అందరి చేతుల్లో చెనక్కాయలు. మునిశేఖర్ మాత్రం ఒలుస్తూ ఒలుస్తూ అరల్లోని సీసాల వైపు దిగులుగా చూశాడు. ఒక్క మూత కూడా తెరుచుకోలేదు. గిరిప్రసాద్‌కు కూర్చోవడానికి చోటు లేదు. మజ్జిగ తెచ్చాడు, గ్లాసులు తీసుకెళ్లాడు, బజ్జీలు తెచ్చాడు, పొట్టు ఎత్తాడు, మళ్లీ మజ్జిగ తెచ్చాడు. మూడు గంటలు నిలబడే ఉన్నాడు. వెళ్లబోతూ చెంగల్రాయుడు, “ఈ సీజను సరుకు నీ దగ్గరే” అన్నప్పుడు సంతోషించాలని తెలుసు. కానీ మడమల నుంచి నడుము దాకా ఒకటే పోటు, సంతోషం సరిగా మొహానికి ఎక్కలేదు.

అతిథులను సాగనంపి నీళ్ల కోసం వంటింట్లోకి పోయాడు. కూర్చోవడానికి చుట్టూ చూశాడు. గట్టు ఉంది, ఫ్రిజ్ ఉంది, గ్రైండరు ఉంది. కుర్చీ లేదు, స్టూలు లేదు.  గ్యాసు సిలిండరు మీద కూలబడ్డాడు.

రేవతి వచ్చి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “ఏమండీ, సిలిండరు మీద కూసున్నారు?”

“కూసునేదానికి ఈడ ఏమీ లేదు కదా.”

“లేదు.”

“ఎప్పటి నుంచి?”

“పెళ్లయినప్పటి నుంచి. పాత ఇంట్లోనూ లేదు” అంది రేవతి. కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. కోపంగా అని ఉంటే గిరిప్రసాద్ ఎదురు మాట్లాడి బయటపడేవాడు. ఇరవై రెండేళ్లలో ఆమె రోజుకు ఎన్ని గంటలు వంటింట్లో నిలబడిందో లెక్క వేయబోయి, మూడు గంటలకే తన కాళ్లు ఇలా ఉన్నాయన్నది గుర్తొచ్చి, ఆ లెక్క మధ్యలోనే వదిలేశాడు.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లాడు. పండిన కాయలు ఏరే బెల్టుకు అటూ ఇటూ నలభై మంది ఆడవాళ్లు. అతను రోజూ చూసే దృశ్యమే. ఆ రోజు వాళ్ల చేతులు కాక పాదాలు చూశాడు. ఒకామె కుడి కాలి మీద నిలబడి ఎడమ కాలికి విశ్రాంతి ఇస్తోంది. ఇంకొకామె ఎడమ కాలి మీద. అందరూ అలాగే, వంతులవారీగా, ఒక కాలికి మరో కాలు సాయం చేస్తూ నిలబడి ఉన్నారు.

కృపామణికి ఫోను చేశాడు. బెల్టు ఎత్తుకు సరిపోయే స్టూళ్లు నలభై, మెత్తలతో సహా. “ఒక్కొక్కరి కొలతా తీసుకో. తొందరపడొద్దు” అన్నాడు. వంటింటికి రెండు కుర్చీలు వేరుగా చెప్పాడు.

సూపర్‌వైజర్ చెంగయ్యకు ఇది నచ్చలేదు. “ఏందయ్యా ఇది? కూసుంటే పని చేస్తారా వాళ్లు? నిద్రపోతారు.”

“పోతే పోనీ, అయిదు నిమిషాలు” అన్నాడు గిరిప్రసాద్. “నేను సచ్చేదాకా వాడని మూలకు మెత్తలు వేయించినాను చెంగయ్యా, ఎవురో వచ్చి కూసుంటారని. పొద్దస్తమానం నాకోసం పని చేసేవాళ్లు ఇంట్లో, ఈడ, నిలబడే ఉండారు. అది నా కంటికి ఆనలేదు. ఎవురికైనా మర్యాద చేయాలంటే, ముందు మన కోసం కాళ్లరగదీసుకునే ఆడోళ్లకు కూసునేదానికి చోటు ఇయ్యాల. ఆ తర్వాతే వచ్చేవాళ్ల సంగతి.”