ఎనభై దగ్గర

సోల్డరింగ్ మొనను తడి స్పాంజికి తుడుస్తూ ఫోన్ల మెకానిక్ పక్క బల్ల వైపు ఓరకంట చూశాడు. అక్కడ మళ్ళీ నలుగురు. తన ముందు ఒక్కరూ లేరు. ఇరవై రెండేళ్ళుగా ఇదే బల్ల. వంగి వంగి వీపు గూనిబారింది, కుడి చూపుడువేలి కొస కాలి కాలి మొద్దుబారింది. పక్కవాడికి ముప్పై ఏళ్ళుంటాయి, వచ్చి మూడేళ్ళు. పని నేర్పింది తనే.

పొద్దున ఇంట్లో జరిగిందే ఇంకా తలలో తిరుగుతోంది. భార్య ఛార్జింగ్ నుంచి ఫోను లాగేసింది.

"అప్పుడే తీశావేం?"

"ఎనభై శాతం అయిందిగా. రోజూ నిండా ఎక్కించకూడదట, ఇరవైకి దిగనివ్వకూడదట, దిండు కింద పెట్టి వేడెక్కించకూడదట. మీ పక్క బల్లాయన ఎంత బాగా చెప్పాడనుకున్నారు!"

పదేళ్ళుగా తను చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాటలే అవి. తను చెబితే మాత్రం "అబ్బ, మీ గోల" అనేది.

మధ్యాహ్నం ఒక టీచరమ్మ ఇటు వచ్చింది. "ఎనభైకే తీసేయమని ఆయన చెప్పారు. నిజమేనా అండీ?"

"ఉత్తమాట. రాత్రంతా పెట్టుకోండి, ఏం కాదు."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. మెకానిక్ నోరంతా చేదైపోయింది. వాడి పరువు తీద్దామని తన మాటనే కాదన్నాడు. స్క్రూడ్రైవరు పడేసి వీధి మలుపు దాకా పరుగెత్తాడు.

"అమ్మా, ఆగండి! అతను చెప్పిందే నిజం. నేనే కుళ్ళుకుని అలా అన్నాను."

ఆమె తెల్లబోయి చూసింది. రొప్పుతూ తిరిగొచ్చేసరికి పక్కవాడు పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు.

"వేరే ఊళ్ళో కొట్టు చూసుకున్నా అన్నా. ఇవాళే ఆఖరు. ముందే చెబితే మొహం తిప్పుకుంటారని..."

"తిప్పుకునేవాణ్ణే," అన్నాడు మెకానిక్. "అక్కడా నా మాటలే చెబుతావా?"

"నాకు ఇంకేం వచ్చన్నా?"

సంచి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే నవ్వి, వాడు మెట్లు దిగిపోయాడు. ఇకమీదట అందరూ తన దగ్గరికే వస్తారు. ఆ సంతోషం కోసం మెకానిక్ లోలోపల వెతుక్కున్నాడు, దొరకలేదు.

ఖాళీ బల్ల ముందు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి వాడు ఇంటి నుంచి తెచ్చి వేసిన స్టూలు అలాగే ఉంది, దాని మీది దూది మెత్త మధ్యలో గుంట పడి.