రెండు వేళ్ల తేడా

తొమ్మిదో బోరులోంచి నీటి నమూనా తీసే సన్నటి గొట్టాన్ని పైకి లాగుతూ, అందరూ కొలకర్ర అని పిలిచే అతను మధ్యలో ఆగాడు. పొద్దుటినుంచీ ఎడమ భుజం సలుపుతూనే ఉంది. "ఇదొకటి నా ప్రాణానికి" అని విసుక్కుని, తాడును అరచేతికి చుట్టుకుని మళ్లీ లాగాడు. గొట్టాన్ని ఎండకు ఎత్తి చూశాడు. పద్నాలుగేళ్ల కిందట ఇందులో నీటి మీద బెత్తెడు పెట్రోలు తేలుతూ వచ్చేది. ఇవాళ ఉత్త నీళ్లే ఉన్నాయి.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇక్కడ పెట్రోలు బంకు ఉన్న రోజుల్లో భూమిలోని ట్యాంకులోకి కర్ర దించి మట్టం కొలిచేవాడు. మనిషి కూడా అంతే సన్నంగా ఉంటాడు కాబట్టి కొలకర్ర అన్న పేరే ఖాయమైంది. ట్యాంకు చిల్లుపడి వీధి బావులన్నీ పాడయ్యాక బంకు మూతపడింది. మట్టిని లారీల్లో తరలించారు. నీటిని తోడి శుభ్రం చేసే పంపులు, నేలలోని ఆవిరిని లాగే యంత్రాలు వచ్చాయి. తోటివాళ్లంతా వేరే దారి చూసుకుంటే ఇతనొక్కడే ఆ పనిలో కూలీగా చేరాడు. అన్నేళ్ల పెట్రోలుకు ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

పదకొండింటికి ఇంజనీరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"పంపులు ఆపి ఏడాదైంది బాబాయ్. నాలుగోసారి కూడా ల్యాబు పరీక్షలో పెట్రోలు జాడ కనబడలేదు. మీ అక్కగారి బావి తెరిచేయొచ్చు."

"కాగితం మీద ఏమైనా రాయొచ్చమ్మా."

"అదేంటి, నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద కాదులే తల్లీ" అని ఆమె చేతిలోంచి బావి మూత తాళంచెవి తీసుకున్నాడు.

గోడ అవతల ఇల్లు అక్కది. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. వీధి చివర కుళాయి నుంచి రోజూ రెండు బకెట్లు మోసుకుని, మధ్యలో రెండుచోట్ల దించి, నడుం పట్టుకుని నిలబడేది. పద్నాలుగేళ్లూ అతను అది గోడ మీంచి చూస్తూనే ఉన్నాడు. చూసిన ప్రతిసారీ తల తిప్పుకుని పనిలో పడేవాడు.

ఇనుప మూత తీసి, నీళ్లు తోడి, గ్లాసు అక్క చేతికిచ్చాడు.

"వాసన చూడక్కా."

ఆమె కళ్లు మూసుకుని పీల్చింది. "తడి రాయి వాసన. ఇంకేం లేదు." అతను ఆపేలోపే గటగటా తాగేసింది.

"అయ్యో, మరిగించకుండానే!"

"ఇన్నేళ్లు ఆగింది చాలదూ? మరిగేదాకా కూడా ఆగాలా?"

అతని చూపు దండెం వైపు వెళ్లింది. బంకు మూసిన రోజున కొలిచే కర్రను తనే తెచ్చి ఆ దండేనికి ఊతంగా పెట్టాడు.

"అక్కా, అప్పట్లో పొద్దున్నే కర్ర దించితే రాత్రి కొలిచినదానికంటే రెండు వేళ్లు తక్కువ చూపించేది. దొంగతనం నామీద పెడతారని భయమేసింది. ఆ రెండు వేళ్లూ కలిపి రాసేశాను. నాలుగు నెలలు. మొదటి రోజే చెప్పుంటే నీ బావిదాకా వచ్చేది కాదు."

"తెలుసురా."

"ఎలా?"

"తప్పు చేయనివాడు ఇన్నేళ్లు అదే నేలని పట్టుకు వేలాడతాడా? నువ్వే చెబుతావని ఊరుకున్నాను, మొండివెధవా."

"కోపం రాలేదా?"

"రాకేం? ఎన్నిసార్లు ఆ బకెట్టు నీ నెత్తిన కుమ్మరిద్దామనుకున్నానో!"

అతను నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. అక్క కొంగుతో అతని మొహం తుడిచింది. అతను చేతుల రబ్బరు తొడుగులు తీసి, ఆ నీళ్లతోనే కడిగి, దండెం మీద ఆరేసి, బావి గట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మనసు ఇంత తేలిగ్గా ఉండి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు.

"కాసేపు కళ్లు మూసుకుంటానక్కా."

"పడుకో. టీ పెట్టి లేపుతా."

బావి నీళ్లతోనే టీ పెట్టి తెచ్చింది. "ఏరా, చల్లారిపోతోంది" అంది. రెండోసారి గట్టిగా పిలిచింది. మూడోసారి పిలవలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి, పక్కన కూలబడి, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్ల సందుల్లో తడి ఇంకా ఆరలేదు.

దండెం మీది తొడుగుల నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా ఆ కర్ర మీద పడుతున్నాయి. కర్ర మీది అంకెలూ గీతలూ వానలకు ఎప్పుడో చెరిగిపోయాయి గానీ, మొదటి రోజు తేడా వచ్చినచోట అతను చాకుతో పెట్టుకున్న గాటు మాత్రం ఇంకా లోతుగానే ఉంది.