సుద్దగీతలో పాదాలు

“కదలకండి వదినగారూ, ముక్కు మారిపోతోంది!” అన్నాడు మణిశంకర్.

ముక్కు మారిపోవడమేంటి నా తలకాయ, అనుకుంది వరహాలక్ష్మి. పుట్టినప్పటినుంచీ ఉన్నచోటే ఉంది ముక్కు. మడమ మీద ఎక్కిన చీమ పిక్క దాకా పాకింది. దులుపుకుందామంటే వీల్లేదు. చంకలో ఇత్తడి బిందె, అందులో సగం దాకా నీళ్ళు. ఖాళీ బిందె పట్టుకుని నుంచుంటే బరువు మోస్తున్నట్టు లేదనీ, చేతి నరం పైకి తేలడం లేదనీ నీళ్ళు పోయించినవారు ప్రెసిడెంటు శ్రీరామమూర్తిగారు. “కష్టం కనపడాలమ్మాయ్. చూసేవాడి మనసు కరగాలి” అన్నారాయన, తను కూర్చున్న కుర్చీలో దిండు సర్దుకుంటూ. ఎవరి మనసు కరిగిందో ఏమో గానీ ఈవిడ భుజం మాత్రం మొద్దుబారిపోయింది.

రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక బట్టల కొట్టు పైన మేడ మీద హాలు అది. పేరు గోదావరి చిత్రవేదిక. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న చిన్న గ్యాలరీ. అంతా అంటే మగవాళ్ళంతా అని వేరే చెప్పక్కర్లేదు. శ్రీరామమూర్తిగారు రిటైరైన హెడ్మాస్టరు. మణిశంకర్ బ్యాంకులో క్లర్కు. వరహాలక్ష్మి మొగుడు జోగేశ్వరరావు హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు, వేదికకి సెక్రటరీ. ఇంకో నలుగురైదుగురు వస్తూ పోతూ ఉంటారు. ఆదివారం పొద్దున్నే మోడల్ని ఎదురుగా నిలబెట్టుకుని బొమ్మ వెయ్యడం వేదిక ఆనవాయితీ. మొదట్లో రిక్షావాణ్ణి, పూలమ్మే ముసలమ్మని పిలిచేవారు. వాళ్ళు కూలి అడిగారు, పైగా ఊరికే కదిలేవారు. అప్పుడు జోగేశ్వరరావు, “మావిడ ఉందిగా, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది” అన్నాడు. ఆయన ఆ మాట అంటున్న వేళకి ఆవిడ ఇంట్లో ఖాళీగా నుంచుని ఈ మహానుభావులందరికీ ఉప్మా కలుపుతోంది.

అప్పటినుంచీ ఆమే మోడలు. మధ్యలో టీలకి విరామం ఇస్తారు. విరామం వాళ్ళకి; టీ పెట్టేది ఆమె. వెనక వరండాలో స్టవ్వు వెలిగించడానికి ఆమె కదలాలి కాబట్టి, మళ్ళీ వచ్చి సరిగ్గా అదే చోట నుంచోవాలి కాబట్టి, జోగేశ్వరరావు సుద్దముక్కతో ఆమె పాదాల చుట్టూ గీత గీసేవాడు. గ్లాసులు కడిగి వచ్చి ఆ గీతల్లో పాదాలు ఇమిడ్చి బిందె ఎత్తుకోవాలి. బొటనవేలు కాస్త బైటికొస్తే చాలు, “గీత చూసుకోవే” అని కసురుతాడు. సాయంత్రం హాలంతా తుడిచేదీ ఆమే. ఆ సుద్ద పాదాలు మాత్రం చెరపకూడదు, వచ్చే ఆదివారానికి కావాలి. గోనెపట్టా పట్టుకుని తన పాదాల చుట్టూ తనే జాగ్రత్తగా తుడుచుకొచ్చేది.

నడుం పట్టేసిందని ఇంట్లో ఓసారి అంటే అత్తగారు బుగ్గన వేలేసుకుంది. “నుంచోవడం కూడా ఒక పనేనా తల్లీ? మేం రుబ్బురోలు ముందునుంచి లేచెళ్ళి పిల్లల్ని కని మళ్ళీ వచ్చి రుబ్బాం!” మణిశంకర్ తన మొహం కేసి చూడడనీ, ఎంతసేపూ మెడ కిందే చూస్తాడనీ మొగుడికి చెప్పుకుంటే, “ఆర్టిస్టు కన్ను అలాగే ఉంటుంది. నీ బుద్ధి వంకర” అన్నాడు. ఆ వారం ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని నుంచుంది. మడతలు అడ్డొస్తున్నాయని అందరి ముందూ జోగేశ్వరరావే వచ్చి ఆ కొంగు కిందికి లాగాడు. ఆ పూట ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

అలా నుంచుని నుంచుని, వాళ్ళు ఆమెని చూస్తున్నారనుకుంటూ ఉండగా, ఆమె వాళ్ళని చూసింది. తణుకులో చదువుకునే రోజుల్లో క్లాసులో ఆడపిల్లలందరి సైన్సు రికార్డుల్లోనూ బొమ్మలు వేసిపెట్టింది ఈవిడే. పెళ్ళైన కొత్తలో ఆ మాట మురిపెంగా చెబితే, “ఇంటికి ఒక ఆర్టిస్టు చాలు” అన్నాడు మొగుడు. సరే, చెయ్యి ఆగింది. కన్ను ఆగుతుందా? కళ్ళు దిద్దేటప్పుడు శ్రీరామమూర్తిగారి నాలుక కొస పెదాల మధ్యనుంచి బైటికొస్తుంది. మణిశంకర్ కాలు ఊపుతాడు. జోగేశ్వరరావు ముందు పక్కవాడి బోర్డులోకి తొంగిచూసి, ఆ తర్వాతే తన గీత దిద్దుకుంటాడు. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకునే తిట్లలోంచే ఆమె నీడంటే ఏంటో, వెలుగంటే ఏంటో నేర్చుకుంది. ఉచితంగా చెప్పిన పాఠం కదా, వదులుకోవడమెందుకు?

మధ్యాహ్నాలు అత్తగారు కేబుల్ టీవీలో సీరియల్ పెట్టుకోగానే, మొగుడు పారేసిన బొగ్గు ముక్కలు తీసుకుని ఒక దళసరి షీటు మీద బొమ్మ వేసింది. బిందె మోస్తూ తనకి కనపడేదే వేసింది. వరసగా కూర్చున్న మగవాళ్ళు, నాలుక కొస, ఊగే కాలు, పక్కకి తిరిగిన మొగుడి మెడ, ఒళ్ళోకి జారిన పొట్ట. కింద చిన్నగా ‘ఆదివారం’ అని పేరు పెట్టుకుంది.

జోగేశ్వరరావు దాన్ని చాలాసేపు చూశాడు. “చెయ్యి తిరిగింది గానీ కాంపొజిషన్ లేదు. అయినా మా పొట్టలు ఎవడు చూస్తాడే?”

“నా చంకలో బిందె చూస్తారుగా” అంది.

ఆయన ఇక ఆ ఊసే ఎత్తలేదు. ఈ బుధవారం వేదిక వార్షిక ప్రదర్శన. మండపేట నుంచి రైసుమిల్లు ఓనరు వచ్చి రిబ్బన్ కత్తిరిస్తాడు. ఆయనకి తల్లి బొమ్మలంటే ప్రాణమట, నచ్చింది ఆఫీసులో పెట్టుకుంటాడట. అందుకే అందరూ ఆమెనే వేస్తున్నారు. తన బొమ్మ కూడా ఆ గోడ మీద ఎక్కడో ఒక మూల ఉండాలని వరహాలక్ష్మికి పట్టుదల పుట్టింది. బాత్రూం పక్కనైనా సరే. మొగుడు ఎటూ కదలడని, పోయిన ఆదివారం తనే షీటు పట్టుకెళ్ళి అందరి ముందూ శ్రీరామమూర్తిగారికి ఇచ్చింది.

“చూడమ్మాయ్, వేదికకి ఓ రూలుంది” అన్నారాయన, షీటు కేసి సరిగ్గా చూడకుండానే. “ఏడాది పొడుగునా ఆదివారం క్లాసుకి క్రమం తప్పకుండా వచ్చినవాళ్ళే సభ్యులు. సభ్యుల బొమ్మలే గోడకి. నీకోసం సడలించామనుకో, రేపు అందరి ఇళ్ళల్లోంచీ ఆడవాళ్ళు ఊలు కుక్కపిల్లలు పట్టుకొస్తారు.”

“నాకంటే క్రమం తప్పకుండా వచ్చిందెవరండీ?” అంది వరహాలక్ష్మి. “జ్వరంలో కూడా వచ్చాను. ఎవరొచ్చారో ఎవరు రాలేదో నాకంటే ఎవరికి తెలుసు?”

మణిశంకర్ గొంతు సవరించుకున్నాడు. “మీరొచ్చింది మోడల్‌గా కదండీ వదినగారూ. ఆ మాటకొస్తే ఈ బిందె కూడా ప్రతి ఆదివారం వస్తోంది. దానికీ సభ్యత్వం ఇమ్మంటారా?”

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు జోగేశ్వరరావు. నవ్వు తుడుచుకుని, “బీరువాలో పెడతాలే, తర్వాత చూద్దాం” అని షీటు లాక్కున్నాడు. ఇంటికొచ్చాక, “నలుగురిలో నా పరువు తీశావు” అని అన్నం కంచం నెట్టేశాడు. అత్తగారు ఆ కంచం తీసి, “మొగుడి బొమ్మకి పోటీ వేస్తావుటే?” అంది. వరహాలక్ష్మి వంటిల్లు సర్దుకుంది. ‘తర్వాత చూద్దాం’ అన్నాడు కదా, ఆ ఒక్క మాట పట్టుకుని వారం గడిపింది.

ఇదిగో, ఇవాళే చివరి ఆదివారం.

“సరే, టీలు కానిద్దాం” అన్నారు శ్రీరామమూర్తిగారు. బిందె దించి వరండాలోకి వెళ్ళింది. ఒక స్టవ్వు మీద టీ, ఇంకో దాని మీద మైదా జిగురు. బొమ్మల కింద అంటించాల్సిన పేరు కార్డులు జోగేశ్వరరావు ముందే రాసి గట్టు మీద పెట్టాడు. అంటించే పని ఎప్పుడూ ఆమెదే. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, దానికేం లోటు లేదు. ‘మాతృమూర్తి - శ్రీరామమూర్తి’. ‘నిరీక్షణ - మణిశంకర్’. ‘గృహలక్ష్మి - జోగేశ్వరరావు’. ఎవరికోసం నిరీక్షణో! ఆ బొమ్మకి నుంచున్న పూటంతా ఆమె ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని సతమతమైంది.

జిగురు రాయడానికి ఒక కార్డు తిరగేసింది. వెనక నల్లగా గీతలున్నాయి. బొగ్గు గీతలు. ఒక నాలుక కొస.

ఇంకోటి తిరగేసింది. ఊగుతున్న కాలు, మోకాలి దగ్గరికి తెగిపోయి ఉంది. ఇంకోటి తిరగేస్తే పక్కకి తిరిగిన మెడ. కార్డులన్నీ బోర్లించి గట్టు మీద పక్కపక్కన పేర్చింది. ‘ఆదివారం’ మొత్తం అక్కడే ఉంది, ముక్కలు ముక్కలుగా.

“ఏమండీ!” అని పిలిచింది. “ఈ కార్డులు ఎక్కడివి?”

“బీరువాలో దళసరి షీటు కనపడితే కోశాను” హాల్లోంచి అరిచాడు జోగేశ్వరరావు. “వెనకవైపు ఖాళీగానే ఉందిగా! టీ ఏదే?”

ఖాళీగానే ఉందిగా. ఇంట్లో ఆవిడా ఖాళీగానే ఉంది, షీటు వెనకా ఖాళీగానే ఉంది. ఈ మనిషికి ప్రపంచంలో భార్యదన్నదంతా ఖాళీయే కాబోలు! ఆమె రెండు స్టవ్వులూ ఆర్పేసింది. టీ పొయ్యలేదు. హాల్లోకి వచ్చి సుద్ద పాదాల్లో పాదాలు పెట్టి బిందె ఎత్తుకుంది. టీ లేదేమిటని మొహాలు చూసుకున్నా, వెలుతురు పోతుందని అందరూ బ్రష్షులు తీశారు.

బిందె వంచేసింది.

“అయ్యయ్యో! షీట్లు! షీట్లు!” అంటూ కాళ్ళు పైకెత్తుకున్నారు ఆర్టిస్టులు. ఆమె వంగి గోనెపట్టాతో నింపాదిగా తుడిచింది. కుడి పాదం పోయింది. ఎడమ పాదం పోయింది.

“మతి పోయిందా నీకు?” అన్నాడు జోగేశ్వరరావు.

“ఆదివారం హాలు కడిగేదాన్నేగా. ఇవాళ కాస్త ముందే కడిగాను.”

“అమ్మాయ్, అమ్మాయ్” శ్రీరామమూర్తిగారి గొంతు పీలగా వచ్చింది. “నా బొమ్మకి ఇంకా చేతులు కాలేదమ్మా. బుధవారమే కదా...”

“మీకూ చేతులున్నాయిగా మేష్టారూ. చూసి వేసుకోండి.”

గోడ వారనున్న బోర్డొకటి తీసి, షీటు పెట్టి క్లిప్పు బిగించింది. మొగుడి డబ్బాలోంచి, విరిగిన ముక్క కాదు, నిండు బొగ్గుపుల్ల ఏరుకుంది. వెళ్ళి బల్ల మీద మణిశంకర్ పక్కన కూర్చుంటే అతను ఒంటికి ఏదో అంటుకున్నట్టు జరిగాడు. ఇప్పుడు మాత్రం ఎక్కడ చూడాలో తెలియక నేల చూపులు చూశాడు.

“ఏం చేస్తున్నావే?”

“క్లాసుకొచ్చాను. ఇవాళ్టినుంచి రాసుకోండి, క్రమం తప్పను.”

“నువ్వక్కడ కూర్చుంటే మరి మోడలెవరే? లే! లేస్తావా లేదా?” జోగేశ్వరరావు తడి నేల మీదుగా విసవిసా వచ్చి, ఇందాక సుద్ద పాదాలున్నచోటే నిలబడి చెయ్యెత్తాడు. వేలు ఆడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. బిందె ఎత్తకుండానే, ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే, మెడ నరం పైకి తేలింది.

వరహాలక్ష్మి ఒక కన్ను మూసి, బొగ్గుపుల్ల చేతి బారన ముందుకి చాపి, ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా కొలుచుకుంది.

“కదలకండి” అంది. “ముక్కు మారిపోతోంది.”