టోపీ సూది

"నేనేం కావాలని పొడిచానా? ఎర్ర చొక్కా కనిపించింది, పొడిచాను. అందులో వీడున్నాడని నాకేం తెలుసు?" అత్తమ్మ పొద్దున్నుంచీ ఇదే పాట.

"పక్క ఊరి తరఫున ఆడుతున్నానని అన్నయ్య అన్నాల దగ్గరే చెప్పాడు కదమ్మా," అన్నాడు గనిలో పనిచేసే మా మరిది కాజిక్. "నువ్వు సాసేజ్ ధ్యాసలో పడి వినలేదు."

"నోర్మూసుకుని తిను."

నేను మా ఆయన లుడ్విక్ కాలు ఒళ్లో పెట్టుకుని వేణ్నీళ్లతో తుడుస్తున్నాను. బుధవారం ఆటలో సూది దిగిన పిక్క ఆదివారానికి వాచి, రసి కారుతోంది. గుడ్డ ముట్టుకుంటేనే వాసన.

మా బొగ్గు గనుల ఊళ్లలో బాస్కెట్‌బాల్ ఇనుప వల లోపల ఆడతారు. బంతి బయటికి పోదు, జనం లోపలికి రారు. సూది మాత్రం దూరుతుంది. ముందు వరసలో కూర్చున్న మా చర్చి ఆడవాళ్లు టోపీలకి గుచ్చుకున్న పొడవాటి సూదులు తీసి, వలకి ఆనుకున్న పరాయి ఆటగాళ్లని పొడుస్తారు. తమ బుట్టను కాచే గార్డులు ఎదుటివాళ్లతో పెనుగులాడేది ఆ వల పక్కనే కాబట్టి పోట్లన్నీ వాళ్లకే. మా ఆయనా గార్డే. డబ్బిచ్చి ఏ ఊరు పిలిస్తే ఆ ఊరి చొక్కా తొడుక్కోవడం మా ఆయన బతుకు.

"సూది పోటుకి ఎవడూ చావడు," అన్నాడు మామయ్య, దగ్గి నల్లటి కఫం గుడ్డలో ఊస్తూ. "గనిలో కప్పు కూలితే చస్తారు. నా కొడుకు ఎండ మొహం చూస్తున్నాడంటే ఆ ఆట చలవే. రాద్ధాంతం చెయ్యకండి."

"అత్తమ్మా, ఆ చొక్కాలో వేరే తల్లి కొడుకు ఉండుంటే?" అన్నాను.

"ఉంటే ఏం? వాళ్లమ్మ నా కొడుకుని వదిలిపెడుతుందా? పోయినేడు ఆ పొడుగాటి వాడి తొడలోకి సగం దాకా దించాను. ఎలా అరిచాడనుకున్నావ్!"

కాజిక్ పడిపడి నవ్వాడు. మామయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. పోయినేడు ఈ కథకి అందరికంటే గట్టిగా నవ్వింది లుడ్వికే. ఇప్పుడు తల్లి చేతికేసి చూస్తున్నాడు.

అత్తమ్మ పొయ్యి దగ్గరికెళ్లి, మేకుకి వేలాడుతున్న టోపీలోంచి ఆ సూదే లాగి, ఉడుకుతున్న బంగాళాదుంపల్లోకి గుచ్చింది. "ఉడికాయి," అంటూ దాన్ని ఏప్రన్‌కి తుడిచి మళ్లీ టోపీకి గుచ్చింది. తర్వాత పెద్ద దుంప ఏరి, వెన్న వేసి కొడుకు ముందు పెట్టింది.

"తినరా. బుధవారానికి కాలు నిలబడాలి."

లుడ్విక్ పళ్లెం పక్కకి జరిపాడు. నా ఒళ్లోంచి కాలు తీసి మెల్లగా నేల మీద ఆనించాడు.

"బుధవారం నేను ఆడట్లేదు," అన్నాడు, గొంతు పెంచకుండా. "ఏ ఊరికీ ఆడను ఇంక. వాపు తగ్గగానే కాజిక్‌తో గనిలోకి దిగుతాను."