మా జీపు ఛాసిస్ వంగలేదు

నాకు ముక్కు మీద కోపమని మా అత్తగారి వైపు వాళ్ళంతా అంటారు. అననీ. ఆ కోపమే లేకపోతే ఈపాటికి నా జీపు ముక్కలు ముక్కలై ఏ పాత ఇనుప కొట్లోనో కిలోల లెక్కన తూగి ఉండేది.

నేను టైలర్ని. మా ఇంటి ముందు గదిలోనే రెండు మిషన్లు వేసుకొని కుడతాను. మా ఊరి కొండ మీద రాతి క్వారీ ఉంది. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ యూనిఫారాలు కుట్టేది నేనే. ఆ దారిలో బస్సు లేదు, ఆటో ఎక్కదు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళ పాటు నేను ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరి బండి వెనక కూర్చునే వెళ్ళాను. "ఇవాళ కుదరదు, రేపు చూద్దాంలే" అన్న మాట విని విని నా చెవులు తుప్పు పట్టాయి. ఆరేళ్ళ క్రితం కొండలెక్కే పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటి కొనుక్కొని, పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి ఒక్కరిని బతిమాలితే ఒట్టు. ఆ జీపు పోతే నేను మళ్ళీ గుమ్మంలో నిలబడి ఎవరు తీసుకెళ్తారా అని ఎదురుచూసే మనిషినవుతాను. నాకు దాని విలువ అంతా అదే.

వానలు తగ్గిన వారంలో కొండ మీది మూడో మలుపులో ఒక కంకర లారీ హారన్ కూడా కొట్టకుండా దిగుతూ వచ్చి, నేను కూర్చున్న వైపే ముందు భాగాన్ని గుద్దింది. తలుపు ఇరుక్కుపోతే గడ్డపారలతో పెకలించి నన్ను బయటికి లాగారు. మోకాలు వాచింది, నుదుటి మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. "ఎవరు కుట్టారో గానీ కుట్టు కుట్టుకీ దూరం సమానంగా లేదు" అని ఆసుపత్రిలో అన్నానట. అక్కడి నర్సు ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతుంది.

నేను ఇంటికొచ్చేసరికి జీపును కట్టి లాక్కొచ్చి మా పెరట్లో పడేశారు. ముందు బంపర్ లోపలికి ముడుచుకుపోయింది, రేడియేటర్ పగిలింది, ఒక చక్రం ఎటో చూస్తోంది. కానీ ఇనుమే కదా, బాగవుతుంది అనుకున్నాను. మా బావగారు అలా అనుకోలేదు.

బావగారంటే మా ఆయనకి అన్నయ్య. పక్క సందులోనే ఉంటారు. ముప్పై ఏళ్ళు మోటారు షెడ్డు నడిపి మానేశారు. బండి విషయంలో ఆయన ఒక మాటంటే మా ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పరు. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని జీపు చుట్టూ ఒక్కసారి తిరిగారు.

"ఛాసిస్ వంగిందమ్మాయ్. ఇక దీన్ని పట్టుకొని వేళ్ళాడకు. ఇనుప కొట్టువాడికి నేను చెప్తాలే" అన్నారు.

ఛాసిస్ అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. అది వంగితే ఇక ఎన్ని కొత్త సామాన్లు వేసినా బండి తిన్నగా పోదు.

"కిందకి దూరి చూడకుండానే ఎలా చెప్తున్నారు బావగారూ?"

"ముప్పై ఏళ్ళు దూరాను. ఇంకా దూరాలా?"

మా ఆయన పక్కనే నిలబడి కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నారు. బళ్ళో లెక్కల మాస్టారు. ఎవరు ఏమన్నా సంజాయిషీ అడిగే మనిషి, అన్నయ్య ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టుంటారు.

"అన్నయ్య చెప్తున్నాడుగా" అన్నారు నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు బావగారి షెడ్డులోనే చూశాను, ఛాసిస్ వంగిందో లేదో తెలియాలంటే మూల నుంచి మూలకి అడ్డంగా రెండు వైపులా కొలుస్తారు. రెండు కొలతలూ ఒకటైతే అది తిన్నగా ఉన్నట్టే. గుడ్డను చదరంగా కత్తిరించామా లేదా అని మేమూ అంతే చూస్తాం. "ఉండండి, నేనే కొలుస్తా" అని మెడలో టేపుతోనే జీపు కిందకి దూరాను. మోకాలు సలిపింది, లెక్కచేయలేదు. ముందు అడ్డబద్దకున్న బోల్టు దగ్గర మా ఆయన టేపు కొస పట్టుకున్నారు, మధ్య బద్ద బోల్టు దగ్గర నేను. సరిగ్గా యాభై నాలుగు అంగుళాలు.

ఇంతలో ఎవరో కొలతలివ్వడానికి వచ్చి గుమ్మంలో పిలిచారు. వెళ్ళి కొలతలు తీసుకొని, రాసుకొని, మళ్ళీ వచ్చి రెండో వైపు కొలిచాను. యాభై నాలుగూ ముప్పావు.

బావగారు ఆ అంకె విని నా వంక వింతగా చూశారు. కాసేపటికి తేరుకొని, "నే చెప్పలా" అన్నారు. ముప్పావు అంగుళం తేడా అంటే ఇక మాట్లాడడానికేముంది? నా చేత్తో నేనే కొలిచాను, నన్ను నేనే ఓడించుకున్నాను. ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకొని ఏడ్చాను. సిగ్గెందుకు, బాగా ఏడ్చాను. సోమవారం వచ్చి పట్టుకుపొమ్మని ఇనుప కొట్టువాడికి కబురెళ్ళింది.

ఆ సోమవారం పొద్దున్నే క్వారీ మేస్త్రీ కొండ దిగి నడిచి వచ్చాడు, తన కొత్త చొక్కా కోసం. మోకాలు వాచి ఉన్నా చేతులు ఊరుకోక దాన్ని నేను ఆ వారమే కత్తిరించి కుట్టాను. తొడుక్కుంటే పొట్ట దగ్గర గుండీ పట్టలేదు.

"ఏం మేస్త్రీ, క్వారీలో రాళ్ళు కొడుతున్నావా, తింటున్నావా?" అన్నాను.

"తిండే సరిగా లేదమ్మా. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. నేను చిక్కాను, మీరు చూడండి, ప్యాంటు జారిపోతోంది!"

నిజమే, ప్యాంటు జారుతోంది. చొక్కా చేతులు చూస్తే మణికట్టు పైకే ఉన్నాయి. చిక్కిన మనిషికి చేతులు పొడుగెలా అవుతాయి? ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, ఒక్క చొక్కా పొట్టి చేసి ఎరగను. కొలతల పుస్తకం తీసి చూశాను. అన్నీ ఆ పుస్తకం ప్రకారమే కత్తిరించాను. అప్పుడు మెడలో ఉన్న టేపు తీసి చూశాను. అది కొత్త టేపు.

నా దగ్గర రెండు టేపులుంటాయి. పాతది మొదట్నుంచీ వాడుతున్నది, లాగి లాగి సాగిపోయింది. సాగిన సంగతి నాకు తెలుసు. అయినా పాత మనుషుల కొలతలన్నీ దాంతోనే తీశాను కాబట్టి వాళ్ళ బట్టలు దాంతోనే కత్తిరిస్తాను. తప్పు కొలతైనా రెండుసార్లూ అదే తప్పు కాబట్టి చొక్కా సరిగ్గా వస్తుంది. కొత్తవాళ్ళకి కొత్త టేపు. అయితే మెడలో ఏ టేపు వేళ్ళాడుతోందో ఏ టైలరూ చూసుకోరు, చెయ్యి దానంతటదే వెళ్ళి తీసుకుంటుంది. నేను రెండు టేపుల కొసలూ కలిపి బల్ల మీద పరిచాను. కొత్తదాని మీద యాభై నాలుగూ ముప్పావు ఉన్నచోట పాతదాని మీద యాభై నాలుగుంది.

"ఓరి నాయనో!" అని నేను అరిచిన అరుపుకి మేస్త్రీ గుండీ పట్టుకొని రెండడుగులు వెనక్కేశాడు.

మొదటి వైపు పాత టేపుతో, కొలతలివ్వడానికి కొత్త మనిషొచ్చాక రెండో వైపు కొత్త టేపుతో కొలిచాను. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇనుప కొట్టువాడి వ్యాను హారన్ మోగింది. వాడు గ్యాస్ కట్టర్ కూడా తెచ్చుకున్నాడు, ఇక్కడే కోసి పట్టుకెళ్ళడానికి.

"మేస్త్రీ, ఆ చొక్కా అలాగే ఉండనీ, వచ్చి ఈ కొస పట్టుకో!" అన్నాను. ఇద్దరం జీపు కిందకి దూరాం. ఒకే టేపు, రెండు వైపులూ. యాభై నాలుగూ ముప్పావు. యాభై నాలుగూ ముప్పావు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను. అప్పుడూ అంతే.

"ఎక్కడి నుంచి కొయ్యమంటారమ్మా?" అంటూ ఇనుప కొట్టువాడు వంగి చూశాడు.

"నీ వ్యాను నుంచి మొదలుపెట్టు! నా జీపు మీద చెయ్యి వేశావంటే నీ కట్టర్ గొట్టం నీ చేతికే చుడతాను!" అన్నాను జీపు కిందనుంచే.

వాడు వెళ్ళిపోయాడు. నేను ఒంటినిండా మట్టితో, చేతిలో టేపుతో, కుంటుకుంటూనే పక్క సందులోకి వెళ్ళాను. బావగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

"రెండు వైపులా ఒకటే వచ్చింది బావగారూ. ఛాసిస్ వంగలేదు. ముప్పై ఏళ్ళ కన్ను అంత పొరపాటు పడుతుందా?"

ఆయన పేపరు మడిచారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. "పొరపాటు కాదమ్మాయ్. వంగలేదని నాకా రోజే తెలుసు. నీ కొలతలో తేడా వచ్చేసరికి నేనే బిత్తరపోయాను. నన్ను మాత్రం తిట్టకు. మీ ఆయన్ని అడుగు" అన్నారు.

బడి వదిలే దాకా ఆగడం నా వల్ల కాలేదు గానీ, ఆగాను. ఆయన చెప్పులు విడవక ముందే అడిగేశాను.

"మీరేనా మీ అన్నయ్యతో అబద్ధం చెప్పించింది?"

ఆయన గుమ్మంలోనే కూలబడ్డారు. "ఆ రోజు కబురు విని నేను పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళు తలుపు పెకలిస్తున్నారు. నీ మొహం నిండా రక్తం. పిలిస్తే పలకలేదు. పోయావనుకున్నాను" అన్నారు. "ఆ బండి లేకపోతే నువ్వు మళ్ళీ ఆ కొండెక్కవని... అన్నయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత ప్రేమ ఈ మనిషికి ఉందని నాకు తెలుసు, కానీ ప్రేమున్నవాడు నా కాళ్ళు కట్టేస్తాడా? కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను.

"మీ భయం మీది. దానికి నా జీపునెందుకు కోయించాలి? పద్దెనిమిదేళ్ళు మీ వెనక కూర్చున్నాను, మళ్ళీ కూర్చోను. అంత భయంగా ఉంటే బండిని గట్టిగా చేయించండి. నన్ను ఆపకండి."

ఆయన మర్నాడు బడికి సెలవు పెట్టి, గళ్ళ కాగితం మీద స్కేలుతో ఏదో గీస్తూ కూర్చున్నారు. చూస్తే జీపు సీట్ల చుట్టూ ఇనుప పైపుల పంజరం. బండి బోర్లా పడ్డా లోపలి మనిషి నలగకుండా పైపు ఎంత మందం ఉండాలో, ఎక్కడెక్కడ వెల్డింగ్ చెయ్యాలో లెక్కలు కట్టారు. లెక్కల మాస్టారు కదా, కొట్టివేతలు లేకుండా వేశారు. బావగారు చూసి, "ఇది బండా, జైలా?" అన్నారు. అన్నా, మర్నాడు బరువులు లేపే చైన్ కప్పీ భుజాన వేసుకొని ఆయనే వచ్చారు.

నలభై రోజులు మా పెరడు షెడ్డయింది. బావగారు ముడుచుకున్న బంపరు ఊడదీసి, దాని చోట మందపాటి గార్డు పెట్టారు. పగిలిన రేడియేటరు మార్చారు, చక్రాల మీద కుదుపు తట్టుకునే స్ప్రింగు పట్టీలు కొత్తవి వేసి బండిని రెండంగుళాలు పైకి లేపారు, ఇంజిను కింద రాయి తగలకుండా ఇనుప పలక బిగించారు. నేను స్పానర్లు పట్టుకున్నాను, చక్రాల బోల్టులు బిగించాను, పాత టాప్ చించేసి కొత్త కాన్వాసు నా మిషన్ మీదే కుట్టాను. మా ఆయన పైపులకి తుప్పు గీకారు. ఆయనకి స్పానర్ ఎటు తిప్పితే బిగుస్తుందో ఈనాటికీ తెలీదు. ప్రతిసారీ అడుగుతారు, ప్రతిసారీ నేను విసుక్కుంటాను.

బండి తయారైన రోజు బావగారు స్టీరింగ్ ముందు ఎక్కి కూర్చుని, "మొదట నేనొకసారి కొండెక్కించి చూస్తానమ్మాయ్" అన్నారు.

"దిగండి బావగారూ" అన్నాను.

దిగారు. మా ఆయన రెండో వైపు తలుపు తీసి, "నేనూ వస్తా" అన్నారు.

"రేపు రండి. ఇవాళ నేనొక్కదాన్నే వెళ్ళాలి."

ఆయన తలుపు మూసి, గేటు తీశారు.

మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి గేరు తగ్గించాను. అబద్ధమెందుకు, నాకూ భయమేసింది. హారన్ మీద చెయ్యి వేసి నొక్కి పట్టాను. పైనుంచి లారీ వస్తూనే ఉంది, నన్ను చూసి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "వెనక్కి తియ్యమ్మా!" అని చెయ్యి ఊపాడు. కొండ దారిలో ఎక్కేవాళ్ళకి దారి ఇవ్వాలి, దిగేవాడు తగ్గాలి. అది వాడికీ తెలుసు.

"తియ్యను!" అని అరిచాను. హ్యాండ్ బ్రేక్ వేసుకొని కూర్చున్నాను.

వాడు హారన్ కొట్టాడు, నేనూ కొట్టాను. వాడేదో తిట్టాడు, నేను వినలేదు. చివరికి గొణుక్కుంటూ లారీని వెడల్పు ఉన్నచోటికి వెనక్కి తీశాడు. నేను పక్కనుంచి దాటుకొని వెళ్ళి, చదునైన చోట ఆగాను. ఒళ్ళంతా చెమట. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" మా ఆయన గొంతు.

"మూడో మలుపు దాటాను."

అవతల ఏడుస్తున్నారు, వినిపిస్తూనే ఉంది.

"అయ్యో, ఏడవకండి. నేను బాగానే ఉన్నాను. ఇక ఫోన్ పెట్టేయండి, గేరు మార్చాలి" అన్నాను.