దుర్గ ఉద్యోగం

“ఒక్క ఫోన్ కొట్టు ఉషా. అర నిమిషం పని గదా,” అన్నాడు పెంచల్, నెత్తళ్ల చేపల వేపుడు అన్నంలో కలుపుకుంటూ.

ఉషారాణి మంచినీళ్ల గ్లాసు భర్త ముందు పెట్టింది. అతని కంచంలో మారు వడ్డిస్తున్న దుర్గ చెయ్యి ఆగలేదు. ఆ మాట తన గురించే అయినా, ఎవరి సంగతో అన్నట్టు వడ్డించి, మజ్జిగ గిన్నె అన్న దగ్గరకు జరిపి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

సంగతేమిటంటే, దుర్గకు ఉద్యోగం వచ్చింది. కావలిలో ఒక కాలేజీ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని ఎవరో చెబితే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లి, వాళ్లు చెయ్యమన్న వంట చేసి చూపించి వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. పెంచల్‌కు చెల్లెలామె, ఉషారాణికి ఆడపడుచు. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే, సముద్రం ఒడ్డున ఉన్న ఈ పాలేనికి, ఈ పుట్టింటికి తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైనే అయింది. ఇప్పుడు తలలో సగం తెలుపు.

“నువ్వు ఎమ్మెల్యేవి. నీ ఆడబిడ్డ హాస్టల్లో గరిటె తిప్పతా ఉండాదంటే జనం ఏమనుకుంటారు? మన పరువేం గావాల? ఆ కాలేజీ ఆయన నీ మాట కాదనడు. వద్దని చెప్పు, చాలు. దానికి తెలియను గూడా తెలియదు,” అని చెయ్యి కడుక్కుని లేచాడు పెంచల్.

ఉషారాణి వంటింట్లోకి వెళ్లింది. “ఎందుకు దుర్గా? ఇక్కడ నీకేం తక్కువైంది?” అని అడిగేసింది. మాట నోరు దాటాక సిగ్గేసింది. తను మొదటిసారి శాసనసభకు పోటీ చేస్తానన్నప్పుడు ఇదే గుమ్మంలో పెంచల్ తనను అడిగిన మాట అది, అక్షరం పొల్లుపోకుండా.

“తక్కువేం గాలా వదినా. ఇదే వంట. అక్కడైతే జీతమిస్తారు. వారానికొక దినం సెలవంట గూడా,” అంది దుర్గ. అని, తనకు తనే నవ్వుకుంది. “సెలవు, వదినా! ఆ రోజు ఏం జెయ్యాల్నో తెలీక అప్పుడే దిగులుగా ఉండాది నాకు.”

మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఉషారాణి ఫోన్ తీసింది. కాలేజీ యజమాని పేరు తెర మీదకు వచ్చింది. వేలు దాని మీద ఆడింది కూడా. పరువు గురించి ఆమెకు బెంగ లేదు. బెంగంతా వేరే. పొద్దున్నే అర్జీలతో వచ్చేవాళ్లకు టీలు ఎవరిస్తారు? మంచం మీదున్న అత్త ముసలమ్మకు చక్కెర జబ్బు ఇంజెక్షను ఎవరు వేస్తారు? తను అమరావతి నుంచి ఏ వేళకు దిగినా వేడిగా ఉండే ఆ అన్నం? ఎవరి మేలు కోసం ఈ ఫోన్ చేయబోతున్నట్టు? ఆ ప్రశ్న తనకు తనే వేసుకున్నాక వేలు కదల్లేదు. నోటిమాట సిఫారసు కూడదని, ప్రజాప్రతినిధి ఎవరి గురించి ఏ ఆఫీసుకు చెప్పినా కాగితం మీద పెట్టి పదిమందికీ చూపించాలని నియమం తెచ్చిన మనిషి తను. తోటి సభ్యులు ఎగతాళిగా ‘కాయితం అక్క’ అని పిలిచేవాళ్లు. ఆ అక్క తన వరండాలో కూర్చుని, ఒక ఆడదాని బతుకు మీద కాగితం లేని మాట ఒకటి చెప్పబోయింది.

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. కుర్చీ సంగతి గుర్తుకొచ్చింది.

దుర్గ పుట్టింటికొచ్చిన సంవత్సరమే సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. డిగ్రీ చదివిన కోడలు కాబట్టి ఉషారాణిని నిలబెట్టారు. గెలిచింది. “నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను జూసుకుంటా,” అన్నాడు పెంచల్. పంచాయతీ ఆఫీసు వీళ్లింటి పక్కనే. మొదటి సమావేశానికి మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. తను అధ్యక్షురాలిగా ఉండాల్సిన సమావేశంలోకి ఉషారాణి టీ కప్పుల పళ్లెంతో వెళ్లింది. కప్పు అందుకుంటూ ఆయన, “సర్పంచ్ గారు రాలేదా?” అని అడిగాడు. సర్పంచ్ కుర్చీలోంచి పెంచల్, “నేనుండా గదా సార్,” అన్నాడు. అందరూ నవ్వారు. ఉషారాణి కూడా నవ్వింది, ఏం చెయ్యాలో తెలియక.

ఇంట్లోకి వచ్చి పొయ్యి దగ్గర నిలబడిపోయింది. పుట్టింటికొచ్చి నెల కూడా కాని దుర్గ, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో వచ్చి ఆ పళ్లెం తీసుకుంది.

“నువ్వు పోయి కూసో వదినా. టీలు నేనిస్తా.”

“మీ అన్న కూసోనుండాడు దుర్గా.”

“లెయ్యమను.”

ఆ ఒక్క మాటే. మొగుడి ఇంట్లో తన చోటు ఇంకొకరికి పోయిన మనిషి అన్న మాట అది. ఉషారాణి వెళ్లి కుర్చీ పక్కన నిలబడి, మెల్లగానే, “లే మావా,” అంది. పెంచల్ వేళాకోళమనుకుని నవ్వుతూ లేచాడు. మళ్లీ ఆ కుర్చీ అతనికి దక్కలేదు.

తర్వాతంతా అందరికీ తెలిసిందే. జిల్లా పరిషత్తు, ఆపైన శాసనసభ. సభ్యుల బంధువులు ఆ నియోజకవర్గంలో ప్రభుత్వ పనులు చెయ్యకూడదు, గెలిచిన ఆడదాని కుర్చీలో మొగుడో కొడుకో కూర్చోకూడదు, సిఫారసు కాగితం మీదే ఉండాలి అని ఆమె ప్రవర్తనా నియమాలు ప్రతిపాదిస్తే, మొదటిసారి సభ నవ్వింది. “చేపల బజార్లో కూసోని వాసన రాగూడదంటే ఎట్టమ్మా?” అన్నాడొక పెద్దాయన. సొంత పార్టీ వాళ్లే బల్లలు చరిచారు. చేపలు పట్టే ఆమె కులాన్నీ, ఆడతనాన్నీ ఒక్క వాక్యంలో కలిపి కొట్టిన దెబ్బ. ఆమె బిట్రగుంటలో రైలు దిగి ఇంటికొచ్చి వరండాలోనే కూలబడితే, దుర్గ అన్నం పెట్టి, పక్కన కూర్చుని, “నవ్వితే నవ్వినారు. మళ్లీ ఎప్పుడు పెడతా ఉండావు?” అని అడిగింది. రెండోసారి గెలిచాక మళ్లీ పెట్టింది. ఈసారి బయట జనం అడుగుతున్నారు కాబట్టి సభ నవ్వలేకపోయింది. నియమాలు నెగ్గాయి. వాటి కింద మొదట పోయింది పెంచల్ చేస్తున్న కాలువ పూడికతీత కాంట్రాక్టు పనే. “ఊరందరికీ నీతి జెప్పి నా కడుపు గొడతావా?” అన్నాడు. నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. అన్న దగ్గర వదిన మాట, వదిన దగ్గర అన్న మాట ముల్లు తీసి, మెత్తన చేసి చేరవేసింది దుర్గే. నియమాలు చర్చకొచ్చిన వారంలోనే ముసలమ్మకు పక్షవాతం వస్తే, నెల్లూరు ఆసుపత్రిలో నేల మీద పడుకుని చూసుకుందీ దుర్గే. ‘ఇంటికి రావద్దు వదినా, నీ పని జూసుకో, అమ్మ బాగానే ఉండాది’ అని ఫోన్‌లో అబద్ధమాడింది కూడా.

నియమాలు నెగ్గిన మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో ‘ఒంటరి పోరాటం’ అని వేశారు. తన పని ఇంకా పోలేదు గనక పెంచల్ మురిసిపోయి దానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. ఇన్నేళ్లూ దాని కిందుగా నడుస్తూ ఉషారాణి ఆ మాటను ఒప్పుకుంటూనే వచ్చింది. ఒంటరి! తను సభకు కట్టుకెళ్లే చీర ఉతికిందెవరు, గంజి పెట్టి ఆరేసిందెవరు అని ఏ రోజూ తలుచుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కలేదు, నిండింది. తనకు ఇంత దొరికింది. అడక్కుండా, ఎత్తిపొడవకుండా, ఒక మనిషి తన రోజులన్నీ తెచ్చి ఉషారాణి ముందు పెట్టింది.

లోపల దుర్గ సాయంత్రానికి ఉల్లిపాయలు కోస్తోంది. ఉషారాణి కింద కూర్చుని ఇంకో కత్తిపీట లాక్కుంది.

“దుర్గా, నన్ను సభకు పంపించింది ఓట్లు గాదు. నువ్వు. ఎప్పుడూ జెప్పలా నీకు.”

“ఏంది వదినా కొత్తగా,” అంది దుర్గ, తల ఎత్తకుండా. ఇంకో పాయ తరిగి, “ఉల్లిపాయలు శానా ఘాటుగా ఉండాయి,” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ముసలమ్మ మంచం మీద నుంచే, “పోనీ దాన్ని. ఆ సూదేదో నువ్వే పొడువు ఉషమ్మా. నొప్పి పుడితే తిడతా, అంతే గదా,” అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

పెంచల్‌కు ఆమె ఆ సాయంత్రమే చెప్పింది. “నేను ఫోన్ చెయ్యను మావా. నియమం ఉండాదని గాదు. లేకపోయినా చెయ్యను. ఆ పిల్ల పోవాల.”

“మరి ఇంట్లో వంటో?”

“నువ్వూ నేనూ.”

అతను చొక్కా వేసుకుని సముద్రం వైపు వెళ్లిపోయాడు. రెండు రోజులు మొహం ముడుచుకునే తిరిగాడు. సోమవారం పొద్దున వదినా ఆడపడుచులు ఆటో ఎక్కుతుంటే మాత్రం గుమ్మంలోకి వచ్చి, ఎటో చూస్తూ, “చింతపండు ఏ డబ్బాలో ఉండాది?” అని అడిగాడు. దుర్గ చెప్పింది. ఆటో కదిలాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాదూరం నవ్వింది.

ఎమ్మెల్యే కారు ఉషారాణి కావాలనే ఇంట్లో ఉంచింది. హాస్టల్ గేటు కనిపించగానే ఆటో ఆపించింది. దుర్గ దిగి, సంచీ భుజాన వేసుకుని, “లోపలిదాకా రా వదినా,” అంది.

“నేనొస్తే అందరూ లేచి నిలబడతారు దుర్గా. అప్పుడది నేనిప్పించిన ఉద్యోగమైపోద్ది. నువ్వు తెచ్చుకున్నది నీ దగ్గరే ఉండనీ.”

దుర్గకు అర్థమైంది. చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, గేటు దాటి, ఎవరినీ దారి అడగకుండా వంటశాల వైపు నడిచింది. ఉషారాణి గేటు ఊచలు పట్టుకుని, ఆ వీపు తలుపు చాటుకు వెళ్లేదాకా చూసింది.

స్టూలు మీద కూర్చున్న కాపలాదారు ఆమెను గుర్తుపట్టలేదు. కారు లేకుండా, మామూలు నూలు చీరలో, ఎండలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్న ఆడమనిషి ఎమ్మెల్యే అని ఎవరనుకుంటారు?

“ఏమ్మా, ఎవురు మీరు? ఎవురి మనిషి?” అని అడిగాడు.

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు ఆమె చాలా జవాబులే చెప్పింది. పోలయ్య కోడలినని, పెంచల్ భార్యనని, ఫలానా పార్టీ అని.

“దుర్గ మనిషిని,” అంది ఉషారాణి.